సంగటి పెట్టి బస్సెక్కించబోయారు

తొంభైల చివర్లో, ఎండలు ముదరక ముందు, మదనపల్లె నుంచి కుప్పానికి సైకిలు మీద బయలుదేరాను. అంతకు ముందు ఏడాది లారీ గుద్ది నా కుడికాలు విరిగింది. లోపల కడ్డీ వేసి అతికించారు. ఇక బాగైపోయింది పొమ్మన్నాడు డాక్టరు. ఇంట్లో ఎవరూ నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. నీళ్ల బిందె ముట్టుకుంటే చాలు, మా ఆవిడ పరుగెత్తుకొచ్చి లాక్కునేది. అందుకే నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను. కుప్పంలో ఉన్న మా అక్క ఇంటికి, దారిలో ఎక్కడా బస్సెక్కకుండా, ఎవరి సాయమూ లేకుండా చేరాలి. చేరితే ఆ కాలు నాది. లేకపోతే జన్మంతా డాక్టరుదే.

మొదటిరోజు పుంగనూరు చేరేసరికే ఒళ్లు హూనమైంది. టీ అంగడి ముందు దిగితే అంగడాయన నన్నూ సైకిలునూ మార్చి మార్చి చూశాడు.

"యాడికప్పా?"

"కుప్పానికి."

"సైకిల్లోనా? యాల, బస్సులు రాలేదా ఈపొద్దు?"

లాడ్జి ఎక్కడని అడిగితే ఆయనకు కోపం వచ్చింది. "ఊర్లో మా ఇల్లుండంగా లాడ్జి ఎందుకు?" అంటూ సైకిలు హ్యాండిలు తనే పట్టుకుని నడిచాడు. ఆ రాత్రి వాళ్ల పొట్టి ఆవు పెరుగు వేసుకుని ఎన్నిసార్లు అన్నం కలిపానో గుర్తులేదు. ముక్కూ మొహం తెలియనివాణ్ని ఇట్లా ఇంట్లోకి పిలుచుకుంటారేమిటని మనసులో వాళ్లనే తిట్టుకుంటూ హాయిగా నిద్రపోయాను.

రెండోరోజు పలమనేరు దాటాక, మిట్టమధ్యాహ్నం, రోడ్డు పక్కన టమోటా తోటలో ఉన్న ఒక ఇంటి దగ్గర, కుప్పం పోతున్నానని చెప్పి నీళ్లడిగాను. నాకంటే పదేళ్లు పెద్దగా ఉన్న రైతు బయటికొచ్చి, నేను కుంటుతూ గేటు దాటడం చూశాడు. నీళ్లు రాలేదు. కాళ్లు కడుక్కోమని చెంబు వచ్చింది, ఆ వెనకే పీట, దాని ముందు సంగటి వచ్చాయి. రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి, ఉలవచారు. ఒక ముద్ద తినేసరికే కడుపు నిండింది. రైతు భార్య రెండోది తెచ్చింది.

"వద్దమ్మా, చాలు."

"ఒంటి ముద్ద పెట్టకూడదప్పా. నమలొద్దు, మింగు. అదే పోతాది."

పోయింది. దాంతోపాటు నా తెలివీ పోయింది. పంచలో నులకమంచం మీద కాసేపు నడుం వాల్చానంటే, లేచింది బస్సు హారనుకే.

గేటు ముందు కుప్పం బస్సు ఆగి ఉంది. టాపు మీద నా సైకిలు! రైతు నిచ్చెన మీద నిలబడి దానికి తాడు బిగిస్తున్నాడు. నన్ను చూసి మొహం ఇంత చేసుకున్నాడు. "లేస్తివా? ముందు సీటు పెట్టించినా. కాలు సాపుకోని పో."

నాకసలే ముక్కు మీద కోపం. "ఎవరెక్కించమన్నారయ్యా? దించు!" అని గట్టిగా అరిచేశాను.

ఆయన మొహం మాడిపోయింది. "మా ఇంట్లో తిన్న మనిషి కుంటికాలేసుకోని ఎండలో పోతాంటే, మేమెట్ల పండుకునేదప్పా?" అంది భార్య.

ఇక దాచి లాభం లేదని లారీ సంగతి, కడ్డీ సంగతి, నా షరతు, అన్నీ బస్సంతా వినేలా చెప్పాను. బస్సులో పంచాయతీ మొదలైంది. కండక్టరు విజిలు నోట్లో పెట్టుకుని అలాగే ఆలోచనలో పడ్డాడు. చివరికి కిటికీ దగ్గరి ముసలమ్మ తీర్పు చెప్పింది. "దించండప్పా! ఆయప్ప కాలు, ఆయప్ప ఇష్టం. మాకు పొద్దు పోతాండాది."

సైకిలు దిగింది. రైతు లోపలికెళ్లి తన సైకిలు తెచ్చుకున్నాడు. అలిగాడేమో అనుకున్నాను. "ఇంటికొచ్చినోళ్లను పొలిమేర దాకా సాగనంపాల. పద," అన్నాడు.

వాళ్ల పొలిమేర ఒక పెద్ద మిట్ట మీద ఉంది. సగం ఎక్కేసరికి కడుపులో రెండు ముద్దలూ బరువెక్కాయి. కుడికాలు వణకడం మొదలుపెట్టింది. వెనక ఆయన సైకిలు కింద పడేసిన చప్పుడైంది, ఆ తర్వాత చెప్పుల చప్పుడు. పరుగెత్తుకుంటూ నా వెనకే వస్తున్నాడు. అడక్కుండా బస్సెక్కించిన మనిషికి సీటు పట్టుకుని తోయడం ఒక లెక్కా? తోశాడంటే ఇంత దూరం తొక్కిందంతా బూడిదలో పోసిన పన్నీరే. వద్దని చెప్పడానికి ఊపిరి లేదు. తిరిగి చూడటానికి ధైర్యం లేదు. పళ్లు కొరుక్కుంటూ తొక్కాను.

పైన దిగి, రొప్పుతూ, ముందు అదే అడిగాను. "తోసినావా?"

వెనక్కి తిరిగి చూస్తే ఆయన రెండు చేతులూ వీపు వెనక ఉన్నాయి. వేళ్లలో వేళ్లు వేసి బిగించి పట్టుకున్నాడు. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు.

"ముట్టలేదప్పా," అన్నాడు. "తోయాలని శానా అనిపించింది. అందుకే చేతులు ఎనక్కి కట్టుకోని వచ్చినా."