చుక్క ఎక్కడుంది

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ డబ్బా మూత తీసినా అందులో ఉండాల్సిన వస్తువు ఉండేది కాదు. బిస్కెట్ల డబ్బాలో పగిలిన దుర్భిణీల గాజుబిళ్ళలు, టీపొడి డబ్బాలో సన్నటి ఇత్తడి మరలు, ఆవాలు పోసుకుందామని అమ్మ కడిగి ఆరబెట్టిన సీసాలో వాషర్లు. ఢిల్లీ కంటోన్మెంటులో మాది రెండు గదుల క్వార్టరు. నాన్న సైన్యంలో హవల్దారే కానీ నేను ఆయన తుపాకీ పట్టుకోగా చూడలేదు. దుర్భిణీలూ, తుపాకుల మీద గురి చూసుకునే సైట్లూ బాగుచేసే వర్క్‌షాపులో మెకానిక్కు ఆయన. పొద్దంతా అక్కడ గాజుల్లోంచి చూసి, ఇంటికొచ్చి మళ్ళీ గాజుల్లోంచే చూసేవాడు. అలా చూసి చూసి కళ్ళు అరగ్గొట్టుకుంటున్నారని అమ్మ విసుక్కునేది.

అప్పట్లో ఆదివారం పొద్దున్నే ఎర్రకోట వెనక నేలమీద గోనెపట్టాలు పరిచి పాత సామాన్లు అమ్మేవాళ్ళు. నాన్న నన్ను బస్సెక్కించి అక్కడికి తీసుకెళ్ళేవాడు. మిగతా పిల్లలు ఇండియా గేటు దగ్గర ఐస్‌క్రీములు తింటుంటే నేను పట్టాల మధ్య గొంతుక్కూర్చుని పనికిరాని కెమెరాలు మూత తీసి చూసేదాన్ని. ఒక చలికాలం, నేను ఐదో తరగతిలో ఉండగా, అక్కడ మాకు ఒక మైక్రోస్కోపు దొరికింది. ఏ స్కూలువాళ్ళో పారేసింది. ఇనుప పాదం, ఇత్తడి ఒళ్ళు, కింద వెలుగు పట్టే అద్దం, స్లైడు దగ్గరుండే లెన్సు అన్నీ బాగానే ఉన్నాయి. పైన మనం కన్ను పెట్టే చిన్న గొట్టం, ఐపీసు, అది మాత్రం లేదు. దీనికి కన్ను లేదు భాయీసాబ్ అని అమ్మేవాడు హిందీలో చెప్పాడు పాపం, దాచకుండా. కన్ను మేం చేసుకుంటాంలే అని నాన్న కూడా హిందీలోనే నవ్వుతూ అన్నాడు. పొగమంచులో బస్సు మెల్లగా వస్తుంటే ఆ ఇత్తడి మనిషిని నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అది చల్లగా ఉండి, మెల్లమెల్లగా నా ఒంటి వెచ్చదనం పట్టుకుంది.

ఆ కన్ను తయారవుతుంటే చూసిన రోజులు నా జీవితంలో చాలా అందమైనవి. నాన్న బిస్కెట్ల డబ్బాలోంచి గాజుబిళ్ళలు ఒక్కొక్కటే తీసి కిటికీకి ఎదురుగా పట్టుకునేవాడు. అప్పుడు ఎదుటి గోడమీద మా కిటికీ తలకిందులుగా ప్రత్యక్షమయ్యేది. కిటికీ ఒక్కటే కాదు, బయట వేపచెట్టు, దాని కింద సైకిలు తుడుచుకుంటున్న పక్క క్వార్టరు సర్దార్జీ అంకుల్, అందరూ బొటనవేలంత అయిపోయి కాళ్ళు పైకి పెట్టుకుని గోడమీద కదిలేవాళ్ళు. నేను వేలితో ముట్టుకోబోతే నా చేతిమీదకు ఎక్కేవాళ్ళు. గోడకు ఎంత దగ్గర పెడితే బొమ్మ తేటగా పడుతుందో చూసి ఆ బిళ్ళ ఎంత బలమైందో నాన్న తెలుసుకునేవాడు. నాకు ఆ లెక్కతో పనిలేదు. అరచేతిలో తలకిందులుగా వేపచెట్టు ఊగుతుంటే చాలు.

రెండు బిళ్ళలు కుదిరాయి. ఉబ్బెత్తు వైపులు ఒకదాన్నొకటి చూసుకునేలా, చదునైన వైపులు బయటికి ఉండేలా, కర్టెన్లు తగిలించే ఇత్తడి కడ్డీ ముక్కలో వాటిని కూర్చాడు. లోపల వెలుగు చెదరకుండా దీపం మసి పూశాడు. కింది చివర నల్ల అట్టతో చేసిన ఉంగరం పెట్టాడు, చూసేది గుండ్రంగా, అంచు తేటగా కనబడ్డానికి. గొట్టం కాస్త వదులైతే కాగితం చుట్టి బిగించాడు. అది మైక్రోస్కోపు నోట్లోకి మెత్తగా జారి కూర్చుంది.

ఎండాకాలం పోయాక వరండాలో వదిలేసిన కూలరు అడుగున నీళ్ళు పచ్చబడి ఉండేవి. అందులోంచి ఒక చుక్క తీసి పెట్టాం. ఎలా చెప్పను! పచ్చటి వెలుగులో గాజు పడవలు నెమ్మదిగా తేలుతున్నాయి. చెప్పులాంటిదొకటి తన చుట్టూ తాను దొర్లుకుంటూ పోయింది. ఒంటికాలి మీద గంటలాంటిది నిలబడి, ఉలిక్కిపడ్డట్టు ముడుచుకుని, మళ్ళీ విచ్చుకుంది. చప్పుడు లేదు. నేను ఊపిరి బిగబట్టి చూసేదాన్ని, వాటికి నిద్రాభంగం అవుతుందేమోనని. తల ఎత్తేసరికి మా వరండా, ఆరేసిన యూనిఫారాలు, పొయ్యిమీద అన్నం వాసన అన్నీ ఎక్కడో దూరం నుంచి తిరిగి వచ్చినట్టు ఉండేవి. అమ్మను కూడా పిలిచేవాళ్ళం. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, వంగి, బాగుందండీ అని చెప్పి వంటింట్లోకి పోయేది.

ఆ చలికాలమంతా నాన్నా నేనూ ఒక ఆట ఆడాం. ఆయన నాకు తెలియకుండా ఎక్కడో ఒకచోట కాస్త దుమ్ము పెట్టేవాడు. అదెక్కడుందో నేను చెప్పాలి. దానికో పద్ధతి నేర్పాడు. ముందు ఐపీసును వేళ్ళతో మెల్లగా తిప్పాలి. చుక్క కూడా గుండ్రంగా తిరిగిందంటే దుమ్ము ఐపీసులో ఉంది. తిరగలేదా, స్లైడు జరపాలి. దాంతోపాటు జరిగితే చుక్క నీళ్ళలోది. రెండింటికీ కదలకపోతే కింది లెన్సు తుడవాలి. అప్పటికీ పోకపోతే ఏంటి నాన్నా అని అడిగాను ఒకసారి. అలా ఎప్పుడూ జరగదులే అన్నాడు.

చలి తగ్గుముఖం పట్టిన ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్న అలా చూస్తూ చూస్తూ ఐపీసు బయటికి తీశాడు. విప్పాడు, మెత్తటి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టాడు. చూశాడు. తిప్పాడు. స్లైడు జరిపాడు. కింది లెన్సు తుడిచాడు. మళ్ళీ ఐపీసు విప్పాడు. ఎండ వరండా ఈ చివరినుంచి ఆ చివరికి పోయింది కానీ ఆయన తల ఎత్తలేదు. చివరికి అమ్మను పిలిచాడు.

"ఓలమ్మీ, ఇలాగొచ్చి సూడు. మద్దిలో నల్ల సుక్క ఏటైనా ఉందేటి?"

అమ్మ వంగి చూసింది. ఆయన మొహం వైపు కూడా ఒకసారి చూసింది. "ఉందండి. నాకూ కనపడతంది. సిన్న సుక్కే కదా, దుమ్మయ్యుంటాది" అంది.

నాన్న మొహం తేటపడింది. మళ్ళీ విప్పబోతూ, ఎందుకో నన్ను పిలిచాడు. ఆటలో పిలిచినట్టే పిలిచాడు. నేను కన్ను పెట్టాను. ఆ గుండ్రటి వెలుగంతా వెతికాను. తిప్పాను, జరిపాను. పడవలు తేలుతున్నాయి, గంట విచ్చుకుంటోంది. అంతకంటే ఇంకేం లేదు. అంత శుభ్రంగా ఆ నీళ్ళు ఎప్పుడూ కనబడలేదు.

"కుఛ్ నహీ హై, నాన్నా. ఏమీ లేదు" అన్నాను.

వర్క్‌షాపులో ఆయనకు ఎప్పుడూ కుడికన్నుతో చూడడమే అలవాటు. ఇంట్లోనూ అంతే. నేను లేదన్నాక ఆయన మొదటిసారి ఎడమకన్ను పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఐపీసు తీసి, గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టాడు. ఏమైందో నాకు అప్పుడే అర్థమైంది. చుక్క గాజులో లేదు, నీళ్ళలో లేదు. నాన్న కుడికంట్లో ఉంది.

వారం తిరక్కుండానే సైన్యంలో ఏటా జరిగే మెడికల్ పరీక్ష వచ్చింది. కళ్ళ పరీక్షలో చదవాల్సిన బోర్డుమీద అక్షరాలు క్వార్టర్లలో అందరికీ కంఠతా వచ్చు, పిల్లలకు కూడా. ఏ వరసలో ఏముందో గడగడా చెప్పేయొచ్చు. అమ్మ ఆ రెండు మూడు రోజులూ అదే మాట. చెప్పేయండి, ఎవరికి తెలుస్తుంది, చేతిలో పని పోతే ఎలా బతుకుతారు మీరు అని బతిమాలింది. జీతం పోతుందని కాదు ఆవిడ బాధ. గాజులు ముట్టుకోకుండా ఈ మనిషి ఎలా ఉంటాడా అని. నాన్న అన్నం కలుపుతూ ఒకే ఒక్క మాట అన్నాడు.

"నాను బాగుసేసిన దుర్భిణీలోంచి కొండమీద ఎవుడో కుర్రోడు సూస్తాడు. ఆడికి దూరంగా సుక్క కనపడితే, అది మనిషో మరకో ఆడికెలగ తెలుస్తాదే?"

నాన్న వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. కంటి వెనక పొరమీద మచ్చ పడిందనీ, అది మానేది కాదనీ డాక్టర్లు తేల్చారు. ఆరోగ్యాన్ని బట్టి ఇచ్చే మెడికల్ కేటగిరీ తగ్గించి, వర్క్‌షాపు నుంచి తీసి, కంబళ్ళూ బూట్లూ ఉండే స్టోరులో వేశారు. సాయంత్రం ఇంటికొస్తే ఆయన దగ్గర ఇదివరకటి నూనె వాసన ఉండేది కాదు, కలరా ఉండల వాసన వచ్చేది. డబ్బాలు ముట్టుకోలేదు. వరండాలో కూర్చుని వేపచెట్టు వైపు ఊరికే చూసేవాడు. ఏ కంటితో చూస్తున్నాడా అని నాకు దిగులు.

ఆరోజు నేను కూడా ఉందని ఒక్క మాట అని ఉంటే ఇదంతా జరిగేది కాదు కదా అని నాలో నేను కుమిలిపోయాను. అన్నం సరిగ్గా తినేదాన్ని కాదు. నాన్న పక్కన కూర్చోడానికి కూడా భయం వేసింది. ఒకరోజు ఆయనే పిలిచి, ఏటైందమ్మడూ అన్నాడు. నేను ఏడుస్తూ చెప్పాను. ఆయన నవ్వలేదు, ఓదార్చలేదు. నా తల తన భుజానికి ఆనించుకుని మెల్లగా అన్నాడు.

"అందరూ ఉందనేస్తే నాను ఇప్పటికీ ఆ గొట్టం ఇప్పుకుని తుడుసుకుంటానే ఉందును. నువ్వు నేదన్నావు గనకే ఇంకో కన్ను పెట్టి సూసేను."

ఆ మర్నాడు నాన్న డబ్బాలు దించాడు. ఎర్రకోట వెనక కొన్న ఒక డబ్బా కెమెరా ఉండేది, లెన్సంతా బూజు పట్టింది. ఆ లెన్సు పీకేశాడు. దాని చోట ఏం పెట్టాలా అని ఇల్లంతా వెతికి, తన బూటు పాలిష్ డబ్బా తీసుకొచ్చాడు. ఖాళీ చేసి, అడుగున ఐపీసు పట్టేంత కన్నం కోసి, అంచుల్ని సుత్తితో మెత్తగా మడిచి, కెమెరా మూతికి బిగించాడు. ఎడమకన్నుతో పని ఇంకా అలవాటు కాక రెండుసార్లు వేలు తెగింది. గాజుముక్క ఒకటి తెచ్చి, తడి ఇసుక వేసి, పాలలా తెల్లబడేదాకా నా చేత అరగదీయించాడు. దాన్ని కెమెరా వెనక, ఫిల్ము ఉండాల్సిన చోట నిలబెట్టాడు. మొత్తం మైక్రోస్కోపు మీద ఎక్కించి, అద్దంతో ఎండను కిందనుంచి లోపలికి పంపి, మా ముగ్గురి తలల మీదుగా రగ్గు కప్పాడు.

రగ్గు కింద చీకట్లో, పాలిష్ వాసనలో, మా ముగ్గురి తలలూ ఆనుకుని ఉన్నాయి. తెల్లటి గాజుమీద అరచేతి వెడల్పున పచ్చటి వెలుగు వచ్చింది. అందులో పడవలు తేలాయి. గంటలాంటిది ముడుచుకుంది, విచ్చుకుంది.

అమ్మ గట్టిగా ఊపిరి పీల్చింది. "అయ్యబాబోయ్! ఇదేటి, ఇన్నాళ్ళూ మీరిద్దరూ సూస్తన్నది ఇదేటి!"

అప్పుడు తెలిసింది మాకు. పాపం అమ్మకు ఒక కన్ను మూసి ఒక కన్ను తెరవడం రాదు. రెండూ మూసుకుని వంగేది. చలికాలమంతా ఆవిడ బాగుందండీ అన్నది చీకటిని చూసి. నల్లచుక్క ఉందన్నది నాన్న మొహం చూసి. నాన్న నవ్వడం మొదలుపెట్టాడు. స్టోరుకు మారాక ఆయన నవ్వగా వినడం అదే మొదటిసారి. అమ్మ సిగ్గుపడి ఆయన్ని మోచేత్తో పొడిచి తనూ నవ్వింది. నవ్వుకు గాజు ఊగి, పడవలన్నీ అలమీద ఎక్కినట్టు లేచి దిగాయి. నేను అమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆవిడ మీద నాకు అంత ప్రేమ అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

ఇప్పుడు నేను ఘాజియాబాద్‌లో ఉంటున్నాను. అమ్మా నాన్నా లేరు. ఆ మైక్రోస్కోపూ, పాలిష్ డబ్బా ఉన్నాయి, డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ సన్నగా వాసన వస్తుంది. ఇక్కడా వరండాలో కూలరుంది, దాని అడుగున పచ్చనీళ్ళున్నాయి. మొన్న మా మనవడు ఆ నీళ్ళచుక్క పెట్టి, మైక్రోస్కోపుకు తగిలించిన ఆ డబ్బా మీద తన ఫోను ఆనించి, "దేఖో దాదీ, చూడు!" అని గంతులేశాడు. ఫోను తెరమీద చెప్పులాంటిది దొర్లుకుంటూ పోయింది. అందరం ఒకేసారి చూశాం.

మనసుకు నచ్చనిది ఏదైనా కనబడితే నా వేళ్ళు తెలియకుండానే ఏదో గొట్టం తిప్పుతున్నట్టు కదులుతాయి. ముందు తిప్పుతాను, తర్వాత జరుపుతాను, ఆ తర్వాత నా రెండో కన్ను పెడతాను. కోడలి మీద కోపం చాలాసార్లు ఆ మూడో పనితోనే తీరిపోయింది. ఇంకొకటి కూడా నాతో ఉండిపోయింది. దానివల్ల నాకు మొండిమనిషినన్న పేరు వచ్చింది, మా ఇంట్లో ఆడపిల్లలు కొత్త చీర ఎలా ఉందో నన్ను తప్ప అందరినీ అడుగుతారు. ఎవరైనా ఆత్రంగా నా మొహంలోకి చూసి నీకూ కనిపిస్తోంది కదా అని అడిగితే, అమ్మ గుర్తొచ్చి ఉందని చెప్పేయాలనిపిస్తుంది. కానీ వాళ్ళ మొహం మీంచి చూపు తిప్పుకుని, ఒక కన్ను మూసి, నిజంగా చూసి, అప్పుడే జవాబు చెబుతాను.