బావ పేరు మీద నా రక్తం

మా బావ గుండె చప్పుడు వీధి చివర కిళ్లీకొట్టు దాకా వినపడేదంటే ఎవరూ నమ్మరు. పోనీ, వరండా దాకా. మద్రాసులో ఆపరేషన్ చేసి, పాడైపోయిన కవాటం తీసేసి లోహపుది అమర్చి పంపారు. అది టిక్కు టిక్కుమంటూ ఉండేది. మొదట్లో ఆ చప్పుడుకి నిద్ర పట్టడం లేదని అక్క అనేది. ఆర్నెల్లకి, అది వినపడకపోతే నిద్ర పట్టడం లేదంది.

ఆ లోహం మీద రక్తం గడ్డకట్టకుండా బావ బతికున్నన్నాళ్లూ రోజూ మాత్ర వేసుకోవాలి. ఆ మాత్ర శనగబద్దలో సగం ఉండేది గానీ దాని దర్జా జమీందారుది. తక్కువైతే రక్తం గడ్డకట్టి మెదడుకెక్కుతుంది. ఎక్కువైతే ఒంట్లో ఎక్కడో లోపల కారిపోతుంది. అందుకే నెలకోసారి రక్తపరీక్ష. పొద్దున్నే లాబ్‌లో రక్తమిచ్చి, కిటికీలో కార్డు పెట్టి వస్తే, డాక్టరు రిపోర్టు చూసి మాత్ర ఒకటా, ఒకటిన్నరా అని ఆ కార్డు మీద రాసేవాడు. సాయంత్రం వెళ్లి తెచ్చుకోవాలి.

బావ రేవులో సరుకులెత్తే ఒక కంపెనీలో క్రేన్ నడిపేవాడు. నేను అదే కంపెనీ టైం ఆఫీసులో గుమాస్తాని. పనిలోకొచ్చిన ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి టోకెన్ గేటు దగ్గర పెట్టెలో వెయ్యాలి. ఒకడు రాకపోతే వాడి టోకెన్ ఇంకొకడు వేసేవాడు. మా దగ్గర అది తప్పు కాదు, పుణ్యకార్యం. చూసీ చూడనట్టు ఊరుకోవడంలో నన్ను మించినవాడు అనకాపల్లి నుంచి ఇచ్ఛాపురం దాకా లేడు.

ఓ నెల సరిగ్గా పరీక్ష రోజునే ఓడ వచ్చి కూర్చుంది. పొద్దుటి షిఫ్టు వదలడానికి లేదు. ఈ నెలకి పరీక్ష మానేస్తానన్నాడు బావ.

"మానీడమెందుకు? నీ టోకెను నానేత్తాను," అన్నాను. "నీదీ బీ పాజిటివే, నాదీ బీ పాజిటివే. సీసాలోకెళ్లాక ఎవుడిదో దానికేటి తెలుత్తాది బావా?"

"సూదికి ఏడిసీకు మరి," అన్నాడు బావ.

లాబ్‌లో ఆ సూదిని చూస్తే బావి తవ్వే గునపం గుర్తొచ్చింది. బావ పేరు పిలిచారు. లేచి చెయ్యి చాపాను. అంతే.

సాయంత్రం కార్డులో అర మాత్ర పెరిగింది. పెరగదూ మరి? ఒక్క మాత్రా మింగనివాడి రక్తమది. చిక్కగానే ఉంటుంది. మందు చాలడం లేదనుకున్నాడు డాక్టరు. బళ్లో పిల్లలకి కూడా తట్టే ఈ సంగతి నాకు తట్టలేదు. పైగా నా రక్తం చిక్కదనం చూసి డాక్టరు కుర్చీలోంచి లేచి దండం పెట్టాడని బావకి చెప్పి నవ్వించాను. మరుసటి నెల కూడా నేనే వెళ్లాను. ఆసారి ఓడ కూడా లేదు. బావకి క్యూ అంటే విసుగు, నాకేమో సరదా. ఇంకో అర మాత్ర పెరిగింది.

తర్వాత కొద్ది రోజులకి, పళ్లు తోముకుంటే బావ చిగుళ్లలోంచి రక్తం రావడం మొదలైంది. మోచేతుల మీద నేరేడుపండు రంగు మచ్చలు లేచాయి. అక్క అడిగితే క్రేన్ కేబిన్‌లో తగిలాయన్నాడు. నేనేమో అక్క రోకలితో కొట్టిందని రేవంతా చాటింపు వేశాను.

ఒక ఆదివారం పొద్దున చద్దన్నం తింటున్నవాడల్లా చేతిలో ముద్ద జారవిడిచాడు. మళ్లీ తీసుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. మాట తిరగలేదు.

రిక్షాలో ఆస్పత్రికి తీసుకుపోయాం. డ్యూటీ డాక్టరు కార్డు తిరగేశాడు. మందు పెంచుతున్నా రెండు నెలలుగా రక్తం చిక్కగానే ఉంది కాబట్టి గడ్డ మెదడుకి వెళ్లి ఉంటుందన్నాడు. రక్తాన్ని ఇంకా పలచబరిచే ఇంజెక్షన్ తెమ్మని నర్సుకి చెప్పాడు.

అప్పుడు తెలిసింది నాకు, నేను చేసిన పని. బావ తలలో ఉన్నది గడ్డ కాదు, మందు ఎక్కువై కారుతున్న రక్తం. ఆ ఇంజెక్షన్ పడితే బావ ఉండడు. నోరు విప్పాలంటే పక్కనే అక్క ఉంది. మంచినీళ్లు తాగొస్తానని వరండాలో కుళాయి దగ్గరికి వెళ్లాను. చీమని ఏనుగు చేసి చెప్పే నేను, ఇన్నేళ్లుగా నాకు నేను ఈ ఒక్కదాన్నీ తగ్గించి చెప్పుకుంటూ వచ్చాను, ఆ కుళాయి దగ్గర ఉన్నది ఒక్క నిమిషమేనని. కాదు. రెండుసార్లు మొహం కడుక్కున్నాను. చేతిరుమాలు తడిపి, పిండి, మడత పెట్టాను. లోపల మనిషి పోతుంటే నేను రుమాలు మడత పెట్టాను.

తిరిగొచ్చేసరికి నర్సు ట్రేతో మంచం దగ్గరికి వస్తోంది. డాక్టరు చొక్కా పట్టుకుని మూలకి లాగాను.

"సార్, పరీక్షకిచ్చిన రక్తం బావది కాదు. నాది."

"రెండుసార్లూనా?"

"రెండుసార్లూ."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చెయ్యి అడ్డం పెట్టి నర్సుని ఆపాడు. అప్పటికప్పుడు బావ రక్తం తీసి పంపితే, ఎంతసేపు చూసినా గడ్డకట్టలేదని కబురొచ్చింది. మందుకి విరుగుడు ఇచ్చారు, రక్తం ఎక్కించారు. బావ దక్కాడు. కుడిచెయ్యి మాత్రం గ్లాసు పట్టుకునేవరకే తిరిగొచ్చింది. క్రేన్ మీటకి పనికిరాలేదు. కంపెనీవాళ్లు స్టోరులో స్టూలు మీద కూర్చోబెట్టారు.

మాట వచ్చాక వార్డులోనే బావకి అంతా చెప్పాను. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"మీ అక్కకి సెప్పకు," అన్నాడు. "సెప్పేవనుకో, నిన్ను గుమ్మమెక్కనీదు. నెలనెలా నాతో ఎవుడొత్తాడు?"

ఆ తర్వాత ప్రతి నెలా వెళ్లాను. సూది బావ చేతిలో దిగేదాకా కదిలేవాణ్ని కాదు.

అక్క ఆ రోజు చూసిందల్లా నేను డాక్టరు చొక్కా పట్టుకోవడం, ఇంజెక్షన్ ఆగిపోవడం. అంతే చాలు ఆవిడకి. పెందుర్తిలో పెళ్లి జరిగినా, సింహాచలంలో మొక్కు తీర్చినా, బంతిలో కూర్చోగానే మొదలుపెడుతుంది. "డాటరుకి తెలీంది మా తమ్ముడు సెప్పేడు. నేకపోతే ఈయన మనకి దక్కునా?" అంటుంది.

నలుగురూ నావైపు తిరిగి, డాక్టరుతో ఏం చెప్పావో నువ్వే చెప్పమంటారు. బావ ఎడమచేత్తో చెంచా పట్టుకుని ఆకులోకి చూస్తుంటాడు. అడక్కుండానే కథలు చెప్పేవాణ్ని నేను. తల దించుకుని, మజ్జిగ ఇటు పట్రమ్మని కేకేస్తాను.