చేతికియ్యని వక్కాకు

మొన్న పొద్దున్నే వాకిలి ఊడుస్తాంటే గేటు మీదనుంచి ఒక పొట్లం ఎగిరొచ్చి నా కాళ్లకాడ పడింది. మా హిందూపురంలో మళ్లీ ఎలక్షన్ల వేడి. విప్పి చూస్తే అభ్యర్థి నవ్వుమొహం అచ్చేసిన కాగితం, లోపల రెండు తమలపాకులు, ఒక వక్క. మా సీమలో దీన్ని వక్కాకు అంటాం. వక్కాకు ఇచ్చేది ఊరికే నోరు పండించుకోమని కాదు. పెండ్లికైనా పంచాయితీకైనా పిలుపు అదే, మాట కూడా అదే. చేతిలో చెయ్యి పెట్టి ఇస్తే అడిగినట్టు, చేతితో అందుకుంటే ఒప్పుకున్నట్టు. ఇంత పెద్ద మర్యాదను పేపరు వేసినట్టు ఇసిరేసి పోతారా అని నాకు ఒళ్లు మండింది. చీపురు చేతిలో ఉండగానే గేటు తీసి, "ఏమప్పా, ఓ గళ్లచొక్కా, నిల్చో ఆడ!" అని అరిచినా. ఆ అరుపు నాది కాదు, మా పెద్దమ్మది. నాకు ఎనభై దగ్గర పడినాక ఆమె వచ్చి నా గొంతులో కూచుంది.

పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క. మొగుడు చిన్నవయసులోనే కాలం చేసినాడు, పిల్లల్లేరు, నన్ను సగం ఆమే పెంచింది. పొట్టి మనిషి, నలుపు. నవ్విందంటే చెనక్కాయ చేను ఈ గట్టునుంచి ఆ గట్టు దాకా వినపడేది. కూలికి పోయిన చోట అందరికంటే ముందు సాలు పట్టేది, అందరికంటే ముందు నోరూ తెరిచేది. ఆ నోటికి భయపడి మా నాయన కూడా ఆమె వస్తే బీడీ ఆర్పేసేవాడు.

మాది పెనుకొండ పక్క మెట్ట ఊరు. ఎర్రనేల, రాళ్లు, మబ్బు కనపడితే మొక్కే జనం. పేరెందుకు గానీ, ఊరంటే నిజానికి రెండూర్లు: పై వీధి, కింద వీధి. పై వీధి పెద్దాయన, కింద వీధి పెద్దాయన వరసకు అన్నదమ్ములు. వాళ్ల తాతల కాలంలో ఏదో చేను గట్టు కాడ మొదలైన తగాదా అంట. నాకు బుద్ధి తెలిసేనాటికి ఆ గట్టు యాడుండేదో కూడా ఎవరూ చూపించలేరు, తగాదా మాత్రం పచ్చగా ఉండేది. వానల్లేని ఊర్లో పచ్చగా ఉన్నది అదొక్కటే. కాఫీ హోటళ్లు రెండు, మంగలోళ్లు ఇద్దరు, భజన గుంపులు రెండు. పై వీధోళ్ల పెండ్లిలో కింద వీధోడు మెతుకు ముడితే ఇంట్లోకి రానిచ్చేవాళ్లు కాదు. కట్టెలు, ఈటెలు లేచిన దినాలూ ఉన్నాయి, తలలు పగిలినోళ్లను ఎద్దుల బండిలో వేసుకొని పోయేది నేను కండ్లారా చూసినా. అన్నిట్లో కొట్టుకునే ఆ రెండు వీధులు ఒక్కదాంట్లో మాత్రం నిజంగా అన్నదమ్ములే, మా పేటను దూరం పెట్టేదాంట్లో.

మా పేట వంక దాటినాక ఉండేది. కొన్ని గుడిసెలు, బోదగడ్డి కప్పిన ఒక చర్చి. కొందరు ఏసయ్యను నమ్మినోళ్లు, కొందరు మారెమ్మను కొలిచేవాళ్లు, మా చిన్నాయన లాంటోళ్లు ఎందుకైనా మంచిదని ఇద్దర్నీ. అందరం ఆ రెండు వీధుల చేలల్లో కూలోళ్లమే. పేటలో బావి లేదు. ఊరి చేదబావి కాడికి పోవాల, పోయినా చేద ముట్టుకోకూడదు. కడవ గట్టు కింద పెట్టి, ఎడంగా నిలబడి, ఎవరన్నా తోడిపోస్తారేమోనని కాచుకోవాల. మనసైనోళ్లు పైనుంచి పోస్తారు, వాళ్ల చేద మా కడవకు తగలకుండా. సగం కడవలోకి, సగం మన్నులోకి. ఒక ఎండాకాలం పెద్ద కరువొచ్చింది, అప్పుడు నాకు పదహారో ఏడు. అట్ల మన్నులో పడే నీళ్లను చూస్తా నిలబడినప్పుడు పుట్టిన కోపం నాకు ఈ పొద్దుకీ ఆరలేదు, ఆరాలని కూడా లేదు. మిట్టమధ్యాన్నం దాకా నిలబడి ఖాళీ కడవతో ఇల్లు చేరితే మా నాయన చెంబు బోర్లించి పక్కకు పెట్టేవాడు. తిట్టింటే బాగుండు అనిపించేది.

అట్లాంటి కాలంలో పంచాయతీలో ఒక ఆడమనిషి కూడా మెంబరుగా ఉండాల అని సర్కారు చెప్పింది. ఊరి పెద్దలకు తేలు కుట్టినట్టయింది. "మా ఇంటి ఆడోళ్లు చావిడెక్కి మొగోళ్ల ముందర కూచుంటారా!" అని రెండు వీధులూ అన్నాయి. అట్లని అవతలి వీధి ఆడమనిషిని ఒప్పుకుంటారా అంటే అదీ లేదు. ఆఖరికి వాళ్లకు తోచిన తెలివి ఏమంటే, పేటలో ఒకదాన్ని పెట్టేస్తే సరి, చూపిన చోట వేలిముద్ర వేస్తాది, నోరు మూసుకుంటాది. పేటలో అంతమంది ఆడోళ్లుంటే, నోరు మూసుకుంటుందని మా పెద్దమ్మను ఏరుకున్నారు చూడండి, వాళ్ల తెలివికి ఇప్పటికీ దండం పెడతా.

మొదటి కూటానికి పోతే మెంబర్లంతా బెంచీల మీద కూచొని, ఆమెకు చావిడి మెట్ల కింద నేల చూపించినారు. పెద్దమ్మ కూటం అయ్యేదాకా నిలబడే ఉండి వచ్చింది. రెండో కూటానికి మా ఇంట్లో ముక్కాలి పీట నెత్తిన పెట్టుకొని బయలుదేరింది. వంక దాటి, కింద వీధి నడుమన, పై వీధి నడుమన, కిరీటం పెట్టుకున్నట్టు నడిచింది. అరుగుల మీదోళ్లు లేచి చూసినారు. "ఏమే, యాడికి పోతాండావు?" అని ఎవరో అడిగితే, "చావిడికి సామీ. మీ బెంచీలు మాసిపోతాయని నా కుర్చీ నేనే తెచ్చుకుంటాండా," అనింది. పోయి, బెంచీల పక్కన పీటేసుకొని కూచుంది. బెంచీని ముట్టుకోలేదు కాబట్టి ఏమని తిట్టాలో ఎవరికీ తోచలేదు. తోచేలోపల అలవాటైపోయింది.

ఆ కరువు యేడే పాత ప్రెసిడెంటు, రెండు వీధులకూ ఎట్లనో సర్దిచెప్పుకొస్తాండిన ముసలాయన, కాలం చేసినాడు. కొత్త ప్రెసిడెంటును మెంబర్లే చేతులెత్తి ఎన్నుకోవాల. పెద్దాయనలిద్దరూ నిలబడినారు. పై వీధి మెంబర్లు ఎంతమందో కింద వీధి మెంబర్లూ అంతేమంది. మిగిలింది మా పెద్దమ్మ చెయ్యి. దానికి తోడు సర్కారు ఊరికొక మంచినీళ్ల బావి ఇచ్చింది, అది యాడ తవ్వాలో చెప్పేది ప్రెసిడెంటు. పై వీధోళ్లు మా వీధికి అంటారు, కింద వీధోళ్లు మా వీధికి అంటారు. పేటకు అనే మాట ఎవరి నోట్లోనూ రాలేదు. పెద్దమ్మకు ఇంకో ఆలోచన లేదు, బావి పేటలో పడాల, అంతే. "పాపా, నీకు పెండ్లయ్యేలోపల నీ చేత్తో నీళ్లు చేదిస్తా చూడు," అనేది నాతో.

ఒకనాడు పై వీధి పెద్దాయన మనుషులను వెంటబెట్టుకొని పేట మొగదలకు వచ్చినాడు. గుడిసెల్లోకి రాడు గదా, వేపచెట్టు కింద నిలబడి పెద్దమ్మను పిలిపించినాడు. "మా పక్కన చెయ్యెత్తాల, తెలిసిందా?" అని వక్కాకు తీసినాడు. పెద్దమ్మ చెయ్యి చాచింది. ఆయన చెయ్యి నడుమనే ఆగిపోయింది, ఎక్కడ తగులుతుందో అని. "కొంగు పట్టు," అన్నాడు. పట్టింది. బావికాడ నీళ్లు పోసినట్టే పైనుంచి వదిలినాడు. "సరేనా?" అంటే, "పడింది సామీ," అనింది. సరే అని మాత్రం అనలేదు. నేను పక్కనే ఉండి కూడా ఆ పొద్దు కనిపెట్టలేదు. ఆ సాయంత్రమే కింద వీధి పెద్దాయన వచ్చినాడు. అదే చెట్టు, అదే మాట. మళ్లీ పెద్దమ్మ చెయ్యి చాచింది, మళ్లీ కొంగులోనే పడింది. రెండూ ఒక గుడ్డలో మూటగట్టి చూరులో దోపింది. మా అమ్మ "అక్కా, ఇద్దరి వక్కాకూ తీసుకుంటివే, నరికి వంకలో పారేస్తారే!" అంటే, "నేను తీసుకుంటినా?" అని పెద్దమ్మ నవ్వింది.

ఎన్నిక దినం పెనుకొండ నుంచి ఒక ఆఫీసరు వచ్చినాడు. చావిడికి ఒకపక్క పై వీధి, ఇంకోపక్క కింద వీధి, పంచెల మడతల్లో ఏమేమి దాచుకున్నారో వాళ్లకే ఎరుక. మా పేటోళ్లం ఎడంగా నిలబడినాం. పెద్దమ్మ పీట నెత్తిన పెట్టుకొని వచ్చి తన చోట్లో కూచుంది. పై వీధి పెద్దాయన పేరు చదివినారు, ఆ పక్క చేతులు లేచినాయి. పెద్దమ్మ చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. కింద వీధోళ్ల మొహాలు వెలిగినాయి. వాళ్ల పెద్దాయన పేరు చదివినారు, ఈ పక్క చేతులు లేచినాయి. పెద్దమ్మ చెయ్యి అప్పుడూ ఒళ్లోనే. "వక్కాకు తీసుకొని మాట తప్పుతావటే!" అని రెండు పక్కలా ఒకేసారి ఎగిరినారు. ఎగిరి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పెద్దమ్మ నిదానంగా లేచి, మూట విప్పి, ఎండి గలగలమంటాన్న రెండు వక్కాకులను ఆఫీసరు బల్లమీద పెట్టింది. "దొరా, ఇవి నా కొంగులో పడినాయి. నేను చెయ్యి చాస్తే ఇద్దరిలో ఎవరూ చేతికియ్యలేదు. వీళ్ల బిడ్డల పెండ్లి వక్కాకు కూడా ఇట్లనే పైనుంచి ఇసుర్తారేమో అడుగు. చేతికి చెయ్యి తగిలితేనే మాట అనేది వీళ్లే గదా! నా చేతికి తగిలిందని ఇద్దరిలో ఒక్కరు చెప్పమను, ఇప్పుడే వాళ్లకు చెయ్యెత్తుతా," అనింది.

అబ్బా, ఆ నిమిషం! తగిలిందని చెప్తే ఊరంతటి ముందర మైలపడినట్టు. తగల్లేదంటే మాటే లేదు. ఏ మడిని కాపాడుకునేదానికి వాళ్లు చెయ్యి వెనక్కి తీసుకున్నారో ఆ మడే వాళ్ల గొంతు పట్టుకుంది. ఆఫీసరు నవ్వు ఆపుకోలేక కండ్లద్దాలు తుడుచుకున్నాడు. పెద్దమ్మ కుడిచెయ్యి చాచి పెట్టింది. "బావి పేటలో తవ్విస్తానని అందరి ముందర చెప్పి, ఈ చేతిలో వక్కాకు పెట్టినోనికే ఈ చెయ్యి లేస్తాది. లేకుంటే ఇట్లనే ఉంటాది."

పై వీధి పెద్దాయన తూ అని ఉమ్మి, "చీటీలేసి తేల్చండి, దాని చెయ్యి ముట్టేదానికంటే ఓడిపోయేది మేలు," అన్నాడు. కింద వీధి పెద్దాయన కాసేపు నేల చూసినాడు, కాసేపు ప్రెసిడెంటు కుర్చీ చూసినాడు. లేచి వచ్చినాడు. "బావి పేటలోనే," అని గొణిగినాడు. "వినపడలేదు సామీ," అనింది పెద్దమ్మ. "బావి పేటలోనే!" అని అరిచి, ఆమె అరచేతిలో వక్కాకు పెట్టినాడు. వేళ్లు తగిలినాయి. నేను చూసినా, పేటంతా చూసింది, నాకు ఏడుపు ఆగలేదు. పెద్దమ్మ చెయ్యి లేచింది.

ఆయనేదో మంచి మనసుతో చేసినాడని ఎవరూ అనుకోవద్దు. కుర్చీ కోసం చేసినాడు. ఇంటికి పోయి గుడ్డలతోనే తలకు పోసుకున్నాడంట. పెద్దమ్మకు చెప్తే, "పోసుకోనీ, ఆయప్పకు నీళ్లకేం కరువు?" అనింది. మాకు మాత్రం కష్టాలు మొదలైనాయి. పై వీధోళ్లు మమ్మల్ని కూలికి పిలిచేది మానేసినారు, సోమందేపల్లె దాకా నడిచిపోయి పని వెతుక్కున్నాం. ఒక మధ్యాన్నం పెద్దమ్మ గుడిసెకు నిప్పు పెట్టినారు. ఎవరో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పలేదు. చూరు కాలిపోతాంటే ఆమె అన్నిటికంటే ముందు పీట బయటికి లాగింది. కొత్త ప్రెసిడెంటు బావి సంగతి నానుస్తాంటే, ఆ పీటనే తీసుకొనిపోయి ఆయన వాకిలికి ఎదురుగా వేసుకొని కూచుంది. "కొడుక్కి సంబంధాలు చూస్తాండావంట గదా సామీ? వక్కాకు మాట తప్పినోని ఇంటికి పిల్లనెవరిస్తారు?" అని వచ్చేపోయేవాళ్లంతా వినేటట్టు అడిగేది. ఆ పెండ్లి చూపులకంటే ముందే పేటలో గునపం పడింది.

తవ్వినది మా నాయనా, మా చిన్నాయనా, మా పేటోళ్లే. కింద అంతా బండ. బండ కింద నీళ్లు. మొదటి చేద నాతోనే వేయించింది పెద్దమ్మ. తాడు నా చేతుల్లో జారుతాంటే పేటంతా కేకలేసింది. చెంబులో నీళ్లు ముంచి ఆమె దోసిట్లో పోయబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. "పైనుంచి పొయ్యొద్దు పాపా. చెంబు చేతికియ్యి," అనింది. ఇచ్చినా. గటగటా తాగి, మిగిలినవి మా నాయనకు అందించింది.

మొన్న నేను అరిచిన ఆ గళ్లచొక్కా పిల్లోడు నా చీపురు చూసి భయపడతానే వెనక్కి వచ్చినాడు. "ఏమవ్వా, తప్పయిందా?" "నేలమీద పారేస్తారా వక్కాకు? చేతికియ్యి నాయనా." పాపం, రెండు చేతులా ఇచ్చినాడు. వాని వేళ్లు నా అరచేతికి తగిలినాయి, వానికేమీ తెలియలేదు. లోపల వరండాలో పెద్దమ్మ ముక్కాలి పీట ఉంది, దానిమీద కూచోబెట్టి మంచినీళ్లిచ్చి, ఈ కథంతా చెప్పినా. అంతా విని, "ఇప్పుడు యాడున్నాయిలే అవ్వా అట్లాంటివి, కాలం మారిపోయింది," అన్నాడు.

ఉన్నాయో లేవో నీకే తెలుస్తాదిలే గానీ, కాలం దానంతట అది మారలేదప్పా అని చెప్పినా. మా పెద్దమ్మ దాన్ని పీటతో పాటు నెత్తిన పెట్టుకొని ఆ రెండు వీధుల నడుమన మోసింది.