వాగు దాటిన సారు

నాంపల్లిలో మా ఆఫీసు మేడ మీద ఉండేది. కొండ ప్రాంతాల పల్లెల్ని అధ్యయనం చేసి, ఏ ఊరికి ఏం కావాలో ప్రభుత్వానికి నివేదిక రాసివ్వడం మా పని. యాభై ఆరులో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది. డిగ్రీ చేతికి రాగానే ఈ ఉద్యోగం దొరికింది. కొండంటే నాకు రైలు కిటికీలోంచి చూసినంతే తెలుసు. అయినా నాలుగు పుస్తకాలు చదివేసి పండితుణ్ణనుకునేవాణ్ణి.

ఒక జులైలో, ఉత్తరాన అడవి జిల్లాలో నాలుగు గూడేలు నాకు అప్పగించారు. ఇంటింటికీ ఒక ఫారం నింపాలి. చివర్న ఒక ప్రశ్న: మీ ఊరికి అన్నిటికంటే ముందు కావలసిందేమిటి? మూడు గూడేలు ఎలాగో తిరిగాను. మూడింట్లోనూ మంచినీళ్ళ బావి కావాలన్నారు. నాలుగోది వాగవతల. వాగు పొంగి ఎర్రగా పోతోంది. అరపూట గొడుగేసుకుని ఒడ్డున నిలబడ్డాను. అవతలి గట్టు మీద ఎవరో మనిషి, రావద్దని చేతులు ఊపాడు. నేనూ చెయ్యి ఊపి, వెనక్కొచ్చి బస్సెక్కేశాను.

ఆబిడ్స్‌లో ఇరానీ హోటల్లో కూర్చుని నా ఇబ్బంది చెప్పుకుంటే, మా సీనియరు, పాతబస్తీ మనిషి, సాసరులో చాయ్ పోసుకుంటూ నవ్వాడు.

"గింతదానికి ఫికరెందుకు? పక్క గూడెం జవాబులే గీడ ఎక్కించు. గాడికి పోయి ఎవరు చూస్తరు?"

రెండు సాయంత్రాలు అదే బల్ల దగ్గర బిస్కట్లు నములుతూ గూడెం మొత్తం నింపేశాను. పేర్లు ఓటర్ల జాబితాలోంచి ఎత్తాను. మేకలూ, చదువులూ, జబ్బులూ కల్పించాను. చివరి ప్రశ్నకి ప్రతి ఫారంలోనూ బావి అని రాసి, నేను వాగొడ్డున నిలబడ్డ రోజు తారీఖు కూడా వేశాను. నివేదిక అచ్చయింది. మా డైరెక్టరు అందరి ముందూ నా భుజం తట్టాడు. ఆ సంబరంలో సుల్తాన్ బజార్ వెళ్ళి మా అమ్మకి చీర కొన్నాను. పాపం, ఆవిడ ఆ చీర ఎన్నేళ్ళు కట్టిందో! కట్టినప్పుడల్లా నేను తల తిప్పుకునే రోజులు తర్వాత వచ్చాయి.

మూడేళ్ళయ్యాక ఒక మనిషి మా మెట్లెక్కి నా బల్ల ముందుకొచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా పంచె. చేతిలో, వాళ్ళ బడి పంతులు మా నివేదిక చూసి రాసిచ్చిన కాగితం. దాని మీద నాలుగో గూడెం పేరు, నేను వేసిన తారీఖు.

"ఏమయ్యా, ఏం కావాలి?" అన్నాను.

"మా గూడానికి బావి తవ్విన్రు సార్. వాగు పక్కనే ఉంటం, మాకు బావెందుకు? వాగు మీద చిన్న వంతెన కావాలె అని బ్లాకాఫీసుల అడిగితే, 'మీరే బావి అడిగిన్రు, హైదరాబాద్ సారు ఇంటింటికి తిరిగి రాసుకున్నడు' అన్నరు. ఊరికి ఒకటే ఇస్తరట."

ఇతను నన్నెప్పుడూ దగ్గర్నుంచి చూడలేదు, గుర్తుపట్టలేడు అని ఆ క్షణంలోనే లెక్కేసుకుంది నా బుర్ర. సిగ్గులేని బుర్ర. నన్ను ఆపిన వాగే నా ప్రశ్నకి జవాబని, ఒడ్డున నిలబడ్డ ఆ అరపూటా నాకు తట్టనే లేదు.

"పోయిన వానల మా కోడలును నొప్పులతోటి మంచం మీద మోసుకొచ్చినం," అన్నాడతను. "వాగు తగ్గలే. ఒడ్డు మీదనే పోయింది."

"కూర్చోండి," అన్నాను. కూర్చోలేదు.

"గిది రాసిన సారు ఉన్నడా?"

"లేరు. బదిలీ అయి వెళ్ళిపోయారు."

అతను కాగితం నా ముందు పెట్టి, తారీఖు మీద వేలు పెట్టాడు.

"ఇది వానాకాలం తారీఖని పంతులు చెప్పిండు. ఆ దినాలల్ల మేమే వాగు దాటలేం. ఆ సారు కనబడితే జర అడుగు సార్. ఏ తొవ్వల దాటిండో మాకు గూడ చూపియ్యమను."

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

సరే, అడుగుతానన్నాను.