కొరికిన గులాబీ

బట్టపూలు చేసే ఆమెకు పళ్లే పనిముట్లు. గంజి పెట్టి ఆరబెట్టిన గుడ్డను రేకులుగా కత్తిరించాక, ఒక్కో రేకు మొదలును ముందుపళ్ల మధ్య పెట్టి చిన్నగా కొరికితేనే అసలు పువ్వులోని ముడత వచ్చేది. పట్టకారుతో నొక్కితే రేకు చచ్చినట్టు పడుండేది. ఈ కొరుకుడు నేర్పింది పక్క వాటాలో ఉండే ముసలావిడ. ఈమె పెద్దమ్మా అని పిలిచేదే గానీ చుట్టరికం ఏమీ లేదు. పని నేర్పేటప్పుడు మాత్రం కన్నతల్లి కన్నా ఎక్కువ తిట్టింది.

పూలన్నీ వెళ్లేది బావ దుకాణానికే. అక్కను కట్టుకున్న ఈ పెద్దమనిషి పెళ్లివేదికలూ అలంకరిస్తాడు, శవాల బండ్లూ అలంకరిస్తాడు. చూస్తే నోట్లో వేలు పెట్టినా కొరకలేనట్టుంటాడు. లోపలంతా కుళ్లు.

పెద్దమ్మ పోయిన రోజు, ఆవిడ తలకు కట్టుకునే నీలం గుడ్డనే కత్తిరించి ఒక గులాబీ చేసి గుండెల మీద పెట్టింది ఆమె. ఆవిడతోపాటే మట్టిలో కలవాలని.

కొన్నాళ్లకు బావ ఎప్పటిలాగే ఒక గోనెసంచి తెచ్చి పడేశాడు.

"అమ్మాయి పెళ్లికి వేదిక నిండా మన పూలే. ఇవి కాస్త నలిగాయి, ఉతికించాను. రేకులు సరిచేసి ఇవ్వు. ఇంటి పెళ్లికి కొత్తవెందుకు, దండగ!"

అక్క కూతురంటే ఆమెకు ప్రాణం. పాతవైతేనేం, వేదిక వెలిగిపోవాలని పంతం పట్టి ఒక్కో రేకూ కొరుకుతూ కూర్చుంది. సబ్బు చేదు తగిలింది, ఉమ్మేసింది. సబ్బు కింద ఆసుపత్రి మందు వాసన. ఒక తీగకు చుట్టుకున్న నెరిసిన వెంట్రుక నాలుకకు అంటుకుంది. ఛీ! సంచి అడుగున నీలం గులాబీ కనిపించింది. రంగు సగం వెలిసిపోయింది. అయితే మాత్రం, ఆ గుడ్డ ఆమెకు తెలియదా?

కుళాయి కింద నోరు పెట్టి పుక్కిలించింది, నాలుక గీసుకుంది, మళ్లీ పుక్కిలించింది. రోత వదల్లేదు. ఇంతకాలం నలిగాయంటూ వచ్చిన సంచులన్నీ గుర్తొచ్చి డోకు వచ్చింది. ఎవరెవరి శవాల మీదవి కొరికిందో! నీలం గులాబీని పక్కన పెట్టి, మిగతావన్నీ కత్తెరతో ముక్కలు ముక్కలు చేసింది.

సాయంత్రం వచ్చిన బావ ఆ కుప్ప చూసి గుడ్లురిమాడు.

"నీకేమన్నా పిచ్చా? పెళ్లి దగ్గర పడింది!"

"శవాల మీద పూలు మీ కూతురి నెత్తిన పెడతారా బావా? అసహ్యంగా లేదూ?"

"ఉతికాక పువ్వు పువ్వే. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసింది. కొత్తవి నేనే చేస్తాను, ఊరికే చేస్తాను. మీ సంచి మాత్రం ఈ గడప తొక్కకూడదు." నీలం గులాబీ అతని ముందు పెట్టింది. "పెద్దమ్మది ఎప్పుడు తీశారు?"

బావ దానివంక ఓసారి చూసి, తేలిగ్గా భుజాలు ఎగరేశాడు.

"బండి ఎక్కించేటప్పుడు. నువ్వు మొహం కప్పుకుని ఏడుస్తున్నావు కదా, అప్పుడు."