ఆఫీసరు మోగించిన సైరన్

సిద్దిపేట పత్తిమిల్లులో నేను రిజిస్టర్లు రాసేదాన్ని. రూల్సు పాటిస్తున్నామో లేదో చూసే కంపెనీ ఆఫీసరు ఏ సంతకమైనా పెట్టేముందు పెన్ను మూసి, వెళ్లి చూసొచ్చేవాడు. నన్ను పట్టుకోవడానికేనని నా అనుమానం. మంటలొస్తే బయటపడే డ్రిల్లు జరగకుండానే, సేటు చెప్పినట్టు, నెలనెలా జరిగిందని రాసేదాన్ని.

ఒకనాడు ఆ పేజీ చూసి సైరన్ మోగించాడు. ఆడవాళ్లు సద్దిడబ్బాలు తెచ్చుకుని పత్తికుప్పల పక్కనే కూర్చున్నారు.

“గింత జల్ది బువ్వకు ఇడిశిన్రేంది సారూ?” అంది ఒకామె.

ఆయన నవ్వలేదు. రిపోర్టులో నా పేరుంటుందనుకున్నాను. ‘నేర్పకపోవడం నా తప్పు’ అని రాసుకున్నాడు. నన్ను తప్పించినందుకు బదులుగా ఏమడుగుతాడోనని భయపడ్డాను.

మర్నాడు అందరికీ బయటపడే దారి నేర్పి, మళ్లీ సైరన్ మోగించేముందు అడిగాడు: “అందరు బయటికొచ్చేసరికి ఎంతసేపు పడ్తదో గడియారం చూసి రాయమ్మా.”

మూడు నిమిషాల నలభై సెకన్లు. ఆ రిజిస్టరులో నేను చూసి రాసిన మొదటి మాట అదే.