రంజాన్ బీ చూడని ఆఖరి రంగం

1957 మే 12, ఆదివారం, సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలకు, అడవిలో దారి తప్పిన రాణి రెండు చేతులూ ఆకాశానికెత్తి రాగం తీస్తూ ఉండగా, నా ముందు చాప మీద కూర్చున్న రంజాన్ బీ లేచి నిలబడింది. చీర దులుపుకొని, అడ్డం వచ్చినవారి కాళ్లూ వేళ్లూ తొక్కుకుంటూ డేరా బయటికి వెళ్లిపోయింది. రాణి గతి ఏమవుతుందన్న చింత ఆమెకు లేశమైనా ఉన్నట్టు కనిపించలేదు. మా ఊరి గాజుల రంజాన్ బీని గురించి చెప్పవలసిన మొదటి సంగతి ఇదే: ఆమె ఏ నాటకాన్నీ చివరిదాకా చూడదు.

ఆ వేసవిలో ఒక నాటకాల కంపెనీ గోరంట్ల సంతబయలులో డేరా వేసింది. పొలం పనులు ముగిసి, వానకు ఇంకా వ్యవధి ఉన్న రోజులు. ఏడు మైళ్ల దూరంలోని మా ఊరి నుంచి ఆడవాళ్లు గుంపుగా ఆదివారం పగటి ఆటకు వెళ్లేవారు. హైస్కూలులో పదార్థ విజ్ఞానం బోధించే నేను సెలవుల్లో వేరే వ్యాసంగం లేక అదే బస్సులో వెళ్లేవాణ్ణి. అట్టతో చేసిన ఏనుగుకు నాలుగూ ఎడమకాళ్లే ఉన్నాయన్న విషయం తప్ప ఆ నాటకాలలో నన్ను బాధించినదేదీ లేదు.

రంజాన్ బీకి అప్పటికి యాభై అయిదేళ్లుంటాయి. గాజులను తాళ్లకు గుచ్చి కట్టిన మలారం భుజాన వేసుకొని ఊరూరా తిరిగేది; నాటకానికి వచ్చినా దాన్ని వెంట తెచ్చి బస్సు టాపు మీద వేయించేది. ఎంత బిగుసుకున్న చేతికైనా గాజు ఎక్కించేది. నొప్పి తెలియకుండా కథ చెప్పడం ఆమె పద్ధతి. ఆదివారం చూసిన నాటకమే సోమవారం కథ. కథకు ముగింపు కావాలి. ముగింపు ఆమె చూడలేదు. కనుక తానే చేసుకొనేది.

ఒకనాడు మా అరుగు మీద నల్లమ్మకు గాజులు తొడుగుతూ రాణిని అడవిదాకా తెచ్చింది.

"ఆపైన యేమాయె?" అంది నల్లమ్మ, పళ్లు బిగపట్టి.

"ఏమయితాది? రాణి పుట్టినింటికి పాయె. రాజొచ్చి వాకిట్లో కూసున్నాడు. మూడు దినాలు పలకరించలే. నాలుగో దినం కడవ చేతికిచ్చి నీళ్లు తెమ్మనింది."

"రాజునా?"

"ఏం, రాజుకు దప్పి కాదా? మన తావ బావి యెంత లోతుండాది! ఆయమ్మ ఒక్కతే చేదాలనా?"

పక్కింటి కోడలు ఆంజినమ్మ నాటకం చివరిదాకా చూసిన మనిషి. ఆమె ఊరుకోలేకపోయింది. "అట్ల కాదు బీబమ్మా! రాజే అడవికి పోయి రాణిని యెతికినాడు. రాణి ఆయప్ప కాళ్ల మీద పడి ఏడిసింది."

"నువ్వు చూసిందాంట్లో అట్లుంటుందేమోలే," అంది రంజాన్ బీ. "నల్లమ్మా, చెయ్యి వదులు పెట్టు."

నల్లమ్మ రంజాన్ బీ ముగింపునే నమ్మింది. ఊరిలో నాటకానికి వెళ్లనివారందరూ అదే నమ్మారు. వెళ్లినవారిలోనూ కొందరు కాలక్రమాన అటు మొగ్గారు.

ఎందుకు లేస్తారని నేను ఆమెను రెండు పర్యాయాలు అడిగాను. మొదటిసారి, "ఆ రాజు యెట్లయినా బతుకుతాడు గదా అయ్యవారూ! బతికేటోణ్ణి చూసేదానికి నడుం నొప్పి చేసుకోవాల్నా?" అంది. రెండోసారి, "మొగుడూ పెండ్లాం కలిసేతావ మనమేల అడ్డం?" అంది. ఒకే చర్యకు రెండు కారణాలు చెప్పారంటే అసలు కారణం మూడోది అయి ఉండాలని నా అనుమానం.

ఇంకొక విషయం కూడా ఉంది. నాటకం ముగిసి మేము బస్సు దగ్గరికి చేరేసరికి ఆమె అక్కడ కండక్టరు బాబావలితో జగడమాడుతూ ఉండేది. ప్రతి ఆదివారమూ ఇదే వరుస. "ఆ ముసిల్దానికి నాటకం కన్నా జగడమే రుచి" అని మా వాళ్లు నవ్వుకొనేవారు.

మూడో ఆదివారం ఆమె లేవగానే నేనూ లేచాను. తొక్కించుకున్న వేళ్లే మళ్లీ తొక్కించుకున్నవారు నన్ను ఏమన్నారో ఇక్కడ రాయను.

బస్సు ఆరు గంటలకు బయలుదేరాలి. డ్రైవరు ముత్యాలప్ప అప్పటికే తన చోట కూర్చున్నాడు. రంజాన్ బీ తిన్నగా బాబావలి దగ్గరికి వెళ్లి టాపు వైపు వేలు చూపింది.

"బాబావలీ, నా మలారం దించప్పా."

"కట్టేసినాను గదక్కా! ఆరయితాంది, బండి తీయాల."

"కట్టినావా, విసిరినావా? గల్లుమనింది నా చెవికి."

"బండే కదల్లేదే, యెట్ల గల్లుమంటాదక్కా?"

"అయితే నాకు చెవుడా? పగిలిన గాజులు నెత్తిన పెట్టుకోని బండి తీస్తాడంటనా ముత్యాలప్ప? అడుగు!"

ముత్యాలప్పను అడగనక్కరలేదు. గాజు పగిలిన మాట చెవిన పడ్డాక బండి కదపడం శుభం కాదని అతను స్టీరింగు మీది నుంచి చేతులు తీసేశాడు. బాబావలి గొణుక్కుంటూ మలారం దించాడు. ఆమె బస్సు ముందు చక్రం పక్కన చతికిలబడి, ఒక్కొక్క గాజునూ గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకోసాగింది. మంచి గాజు ఖంగుమంటుంది. బీట పడిన గాజు మొద్దుగా పలుకుతుంది. ఏ గాజుల వర్తకుడైనా చేసే పరీక్షే అది. అయితే ఏ వర్తకుడూ ఇంత నింపాదిగా చెయ్యడు.

"యెన్ని చూస్తావక్కా?"

"యెన్నుంటే అన్ని. నీ పెండ్లానికి బీట గాజు తొడగమంటావా? తొడుగుతాలే!"

ఆమె చెవి గాజు మీద ఉంది. చూపు మాత్రం డేరా గుమ్మం మీద ఉంది. కొంతసేపటికి ఆ గుమ్మంలో నుంచి ఆంజినమ్మ, ఆమె వెనుక తక్కిన ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చారు. రంజాన్ బీ రెండు క్షణాల్లో మలారం చుట్టేసింది.

"ఏమప్పా బాబావలీ, యెంతసేపు నిలబెడతావు బండి? పొద్దు గూకుతాంది!"

బాబావలి ముఖంలో కనిపించిన భావానికి తెలుగులో తగిన మాట నాకు దొరకలేదు.

మా ఊరి ఆడవాళ్ల నాటకానికి ఒక షరతు ఉంది. ఆంజినమ్మ మామ ఆదెన్న ఊరి మగవాళ్లందరి తరఫున దాన్ని విధించాడు: ఆరు గంటల బస్సుకే తిరిగి రావాలి, ఒక్కసారి ఆ బస్సు తప్పితే ఆ పైన డేరా ముఖం చూడకూడదు. దాని తర్వాత బస్సు లేదు. నాటకం ఏనాడూ ఆరు లోపల ముగియలేదు. అయినా ఆడవాళ్లకు బస్సు ఏనాడూ తప్పలేదు. పేరుకు ఆరు గంటల బస్సే అయినా దాని వేళ ఆరుంబావు అని వాళ్లందరూ గట్టిగా నమ్మేవారు.

బస్సులో నేను మెల్లగా అడిగాను. "బీబమ్మా, వాళ్లతో ఈ మాట చెప్పకూడదా?"

"చెప్తే కుదురుగా కూసోని ఏడుస్తారా అయ్యవారూ? సగం మనసు బస్సు మీదనే ఉంటాది. ఏడాదికొకతూరి ఏడ్చేది, సరిగ్గా ఏడ్వనీ. నువ్వు గూడా చెప్పగాకు."

నేను చెప్పలేదు.

జూన్ 2 కంపెనీ ఆఖరి ఆదివారం. ముందురోజు రంజాన్ బీ ఒక పెళ్లింట్లో పూటంతా గాజులు తొడిగి, కథలు చెప్పి, గొంతు పోగొట్టుకొని వచ్చింది. ఆటకు వచ్చేటప్పుడే బస్సులో బాబావలి ఆమెకు మెల్లగా చెప్పేశాడు: "ఈ పొద్దు ఆరంటే ఆరే. మా యజమాని నిన్న మమ్మల్ని వాయించినాడు."

వేళకు ఆమె లేచింది. లేచి, కదలక నా వైపు తిరిగింది. చెయ్యి గొంతు మీద ఉంది.

"జగడానికి గొంతు లేదయ్యవారూ," అంది గాలితో. "బండి నిలవదు. వచ్చే యేడు వీండ్లకు నాటకం లేదు."

వేదిక మీద రాణి ఏడుస్తోంది. చాపల మీద ఆంజినమ్మ అంతకన్నా బాగా ఏడుస్తోంది.

"మీరు కూర్చోండి," అన్నాను.

నేను అంతవరకు జీవితంలో ఎవరితోనూ తగవు పడి ఎరుగను. దారిలో రెండుసార్లు గొంతు సవరించుకొని, బాబావలి ముందు నిలబడ్డాను.

"మలారం దించండి."

"అది మీదా అయ్యవారూ?"

"నాది కాదు. కాని గల్లుమంది."

"నాకినపళ్లే!"

"మీకు వినబడకపోవడానికి మూడు కారణాలు ఉండవచ్చు," అని ఆరంభించాను.

మొదటి కారణం ముగిసేలోగా మలారం కిందికి వచ్చింది. తెల్లపంచెతో చక్రం పక్కన కూర్చొని గాజు మీటాను. కంపనమంటే ఏమిటో, బీట దాన్ని ఎందుకు అణచివేస్తుందో వివరించాను. కిటికీలలో నుంచి తలలు బయటికి వచ్చాయి. తర్వాత మనుషులే దిగారు. తలా ఒక గాజు పట్టుకున్నారు.

"ఇది మొద్దుగా ఉండాదే!"

"నీ చెవే మొద్దు. ఈ పక్క ఇటియ్యి!"

"ముత్యాలప్పా, నువ్వు విని చెప్పు!"

యజమాని ఆజ్ఞను తలచుకొని కొంతసేపు బిగపట్టుకున్న ముత్యాలప్ప చివరికి తానే దిగి వచ్చి, ఒక ఎర్రగాజును చెవికి ఆనించుకొని కళ్లు మూసుకున్నాడు. "అయ్యవారూ, ఇది బీటదే! ఒట్టు!" అన్నాడు. నిజంగా బీటదే. అతని ముఖం వెలిగిపోయింది. అతను ఇంకొకటి తీసుకున్నాడు. నేను వేడిమికి గాజు ఎలా వ్యాకోచిస్తుందో చెప్పడం మొదలుపెట్టాను.

ఎవరో నా భుజం తట్టారు. రంజాన్ బీ! కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చాలప్పా అయ్యవారూ," అంది గాలితో. "అందరూ వచ్చి కూసోనుండారు. నువ్వు ఎక్కితే బండి పోతాది."

తలెత్తి చూశాను. కిటికీలలో మా ఊరి ఆడవాళ్లందరూ వరుసగా కూర్చొని నన్ను చూస్తున్నారు. ఎంతసేపటి నుంచో తెలియదు. "అయ్యవారికి ఏమాయెనే?" అని ఆంజినమ్మ పక్కామెను అడుగుతోంది.

నేను ఎక్కాను. ముత్యాలప్పను ఇద్దరు కలిసి ఎక్కించారు. ఆ సాయంత్రం బస్సు బయలుదేరడంలో జరిగిన ఆలస్యం, నిమిషాలలో: ముప్పై ఏడు.